డొక్కుది అనే మాట

ఆ మధ్యాహ్నం స్కేల్‌రిగ్ వంటింట్లో ఉన్నవారు, కూర్చున్న వరసలో, వీరు. బల్ల తలవైపు ఐజాక్ మౌన్సీ, ఆ ఇంటికీ కొండమీది గొర్రెల మందకూ యజమాని. ఆయన కుడిచేతి వైపు మిస్టర్ లాథమ్, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మనిషి. ఆయన ముందు పెట్టెలాంటి టేపు రికార్డరు. ఎడమవైపు ఐజాక్ కొడుకు జాస్, అప్పటికి నాకు కాబోయే భర్త. జాస్ పక్కన మా అమ్మ. బల్ల ఈ చివర, కెటిల్ అందుకోవడానికి వీలుగా, నేను, ఎడిత్. ఐజాక్ భార్య డైనా బల్ల దగ్గర కూర్చోలేదు. ఆమె కుర్చీ పొయ్యి పక్కన ఉండేది. ఆ ఇంట్లో ఎవరు తింటున్నా ఆమె అక్కడినుంచి లేచి వచ్చి వడ్డించి, అక్కడికే తిరిగి వెళ్ళేది.

ఈ వివరాలు రాసి పంపమని కోరినవారు ఆ విశ్వవిద్యాలయం వారే. కొండప్రాంతపు మాటలను పోగుచేసిన పాత టేపులను ఇప్పుడు భద్రపరుస్తున్నారట. స్కేల్‌రిగ్ టేపులోని గొంతులను గుర్తుపట్టగలిగిన వారిలో ప్రాణాలతో మిగిలినది నేనొక్కతెను. వాళ్ళు రాసుకున్న వివరణలో 'చెప్పినది: ఐజాక్ మౌన్సీ, రైతు. వెనకనుంచి ఒక స్త్రీ స్వరం, అస్పష్టం' అని ఉంది. నేను ఆడపిల్లల బడిలో భాష చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసినదాన్ని. అస్పష్టం అనే మాటను సులభంగా అంగీకరించను. వినేవాడి చెవిలోని లోపాన్ని మాట్లాడే మనిషి మీదికి నెట్టడానికి అది చాలా అనుకూలమైన మాట.

అది అక్టోబరు నెల. పొట్టేళ్ళను మందలోకి వదిలే ముందు మా కొండల్లో ప్రతి ఇంటివారూ ఆడగొర్రెల పళ్ళు చూస్తారు. రాతిగోడల దొడ్డిలోంచి ఒక్కొక్క గొర్రెనూ ఇరుకు సందులోకి తోలుతారు. మగవాడు దాని గడ్డం పట్టుకుని, బొటనవేలితో కింది పెదవి లాగి చూస్తాడు. పళ్ళు నిలిచి ఉంటే ఏమీ అనడు. విరిగినవో ఊడినవో కనిపిస్తే 'డొక్కుది' అని కేక వేస్తాడు. సందు చివర రంగుడబ్బాతో నిలబడిన ఆడమనిషి దాని నెత్తిన ఎర్రగీత గీస్తుంది. ఎర్రగీత పడినవి కొండగడ్డి కొరకలేవు కనుక కొండ దిగిపోతాయి, మళ్ళీ ఎక్కవు. ఆ కేక నాకు కొత్త కాదు. చిల్లుపడిన కెటిల్, గంటలు తప్పు కొట్టే గడియారం, ఎక్కుడులో మొరాయించే లారీ, నడుము వంగిన పొరుగింటి పెద్దావిడ, మా వైపు అన్నీ డొక్కువే. చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటూనే పెరిగాను, నేనూ అంటూనే పెరిగాను. కానీ సందు చివర రంగుడబ్బా పట్టుకుని నిలబడటం ఆ ఉదయమే మొదలు. ఇంట అడుగుపెట్టబోయే కోడలికి ముందుగానే పని నేర్పాలన్నది ఐజాక్ అభిప్రాయం.

జాస్ చేతులనే చూస్తూ నిలబడ్డాను. ఒడుపున్న చేతులు, గొర్రె బెదరకుండా పట్టుకోవడం తెలిసిన చేతులు. అంతకుముందు ఆదివారం ప్రార్థన ముగిసి బయటికి వస్తున్నప్పుడు, దారిలో ఎవరూ లేని చోట, ఆ బొటనవేలితోనే నా గడ్డం పైకెత్తాడు. ఆ సంగతి ఎందుకు గుర్తుకు రావాలో, గుర్తుకు రాగానే నా పెదవులు వాటంతట అవే ఎందుకు బిగుసుకోవాలో నాకు అర్థం కాలేదు. జాస్ ఒక గొర్రెను వదిలేస్తూ నావైపు తిరిగి నవ్వాడు.

"శనివారం నీ వంతు పిల్లా!"

ఆ నవ్వుకు అర్థం చెప్పాలి. ఆ కాలంలో మా ప్రాంతంలో పెళ్ళికూతురికి పుట్టింటివారు ఇవ్వగలిగిన మేలైన కానుక ఒకటుండేది. ఆమె నోట్లోని పళ్ళన్నీ పీకించి, కట్టుడు పళ్ళు పెట్టించి అత్తవారింటికి పంపేవారు. పుచ్చినవి మాత్రమే కాదు, అన్నీ. ఇక జీవితంలో పంటినొప్పి అనేది ఉండదు, ఆ నొప్పి తాలూకు బాధ్యత భర్త మీద పడదు. మా అమ్మకు అలాగే చేశారు. డైనాకూ అలాగే చేశారు. మా అమ్మ ఆ సంగతిని తన చదువులేని జీవితంలో దొరికిన ఒక పట్టాలాగా చెప్పుకునేది. నా పళ్ళు గట్టివి. ఒక్కటీ ఎన్నడూ నొప్పి పెట్టలేదు. ఆ మాటే అమ్మతో అన్నాను.

"నొప్పి లేనప్పుడు తీయించుకోవడమే తెలివే," అంది అమ్మ. "కాన్పు కాన్పుకీ ఒక్కోటి ఊడుతుంటే అప్పుడు తెలుస్తుంది. ఒక్కరోజు ఓర్చుకున్నావంటే జన్మంతా సుఖం. నన్ను చూడు, ఏనాడైనా చెంప పట్టుకుని కూర్చున్నానా?"

కూర్చోలేదు, నిజమే. కానీ నవ్వినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. అది ఆమె సిగ్గు అనుకునేదాన్ని.

పళ్ళ డాక్టరు కెల్బెక్ పట్టణానికి నెలకొక శనివారం వచ్చి, మందుల దుకాణం వెనక గదిలో కూర్చునేవాడు. మా పెళ్ళికి ముందు ఆయన వచ్చేది ఆ ఒక్క శనివారమే. జాస్ వెళ్ళి సమయం ఖాయం చేసుకుని వచ్చాడు. పేరు మిసెస్ మౌన్సీ అని రాయించాడు. ఎలాగూ కాబోయేదేగా అన్నాడు.

నేను కాదనలేదు. ఎందుకు కాదనలేదని నన్ను నేను చాలాసార్లు విచారించుకున్నాను. భయం కాదు, పట్నంలో చదువుకుని వచ్చినదాన్ని, బడి పర్యవేక్షకుడి ఎదుట నిలబడి వాదించినదాన్ని. కానీ ఈ సంగతిలో కాదనడానికి నా దగ్గర వాక్యం లేదు. వాక్యంలో ఇచ్చేవారెవరో, పుచ్చుకునేవారెవరో గుర్తించమని పిల్లలకు రోజూ అభ్యాసం ఇచ్చేదాన్ని. ఈ కానుక ఇచ్చేది మా అమ్మ, పుచ్చుకునేది జాస్. నేనెక్కడున్నానో వెతికితే నేను ఆ ఇద్దరి మధ్య చేతులు మారుతున్న వస్తువు దగ్గర కనిపించాను. ఆ వారంలో ఒకనాడు పిల్లలు ఆటకు పోయాక, ఖాళీ తరగతిలో, పెదవులను పళ్ళ మీదికి మడుచుకుని మరునాటి పాఠంలోని పద్యాన్ని పైకి చదివి చూశాను. సగం అక్షరాలు గాలిలా జారిపోయాయి. కిటికీ బయటినుంచి నవ్వులు వినిపించాయి. నేను ఎవరి మామ్మనో అనుకరిస్తున్నానని పిల్లలు అనుకున్నారు. అది ఎవరి గొంతో నాకు మాత్రం తెలుసు. ఇంకా పుట్టని నా గొంతు, గదిలోకి ముందే వచ్చి నిలబడింది. అప్పటినుంచి అది నన్ను వదలలేదు. తరగతిలో హాజరు పిలుస్తున్నా, గిన్నె తోముతున్నా, నాలుక దానంతటది పళ్ళ వెనకగా నడిచి, ఒక్కొక్కదాన్నీ తడిమి, ఇల్లు ఖాళీ చేసేముందు గదులు చూసుకునే మనిషిలా తిరిగి వచ్చేది.

మిస్టర్ లాథమ్ వచ్చినది గొర్రెల పళ్ళు చూసిన ఆ రోజునే. మనుషుల్లోనూ వస్తువుల్లోనూ పాతబడినవాటికి జనం పెట్టుకున్న మొరటు మాటలను ఆయన ఊరూరా తిరిగి పోగుచేస్తున్నాడు. గుమ్మంలోకి రాగానే ఐజాక్‌ను మర్యాదగా నోరు తెరవమని అడిగి, లోపలికి చూసి, తల పంకించాడు. ఐజాక్‌కు డెబ్బై దాటినా పళ్ళున్నాయి. పొగాకు రంగువే, అయినా ఆయన సొంతవి. మగవాళ్ళకు ఎవరూ పెళ్ళికానుకలు అలా ఇవ్వరు.

"ఆయన్నేనా అడిగేది? ఈ మాటలు డైనా గారికి కూడా తెలుసు కదా," అన్నాను.

"క్షమించాలి మిస్. మాకో పద్ధతి ఉంది. పెద్దవయసు వాళ్ళే కావాలి, కానీ నోరు బాగున్నవాళ్ళు కావాలి. పళ్ళు లేకపోతే శబ్దాలు మారిపోతాయి."

"అయితే నేను నిలిచినట్టే!" ఐజాక్ బల్ల చరిచి నవ్వాడు. "నా నెత్తిన ఎర్రగీత పడలేదు!"

నేను టీ పోశాను. రొట్టె, వెన్న, అల్లం కేకు డైనా తెచ్చి పెట్టి తన కుర్చీకి వెళ్ళిపోయింది. ఇంట్లో ఉన్నప్పుడు ఆమె కట్టుడు పళ్ళు పెట్టుకునేది కాదు. చిగుళ్ళు ఒరుసుకుపోతాయని వాటిని అలమరలో పింగాణీ కప్పులో ఉంచి, ప్రార్థనకో చావుకో వెళ్ళినప్పుడు మాత్రమే తీసి పెట్టుకునేది. లాథమ్ మీట నొక్కాడు. టేపు చుట్ట తిరగసాగింది.

"పళ్ళూడిన గొర్రెను ఏమంటారండీ?"

"డొక్కుది."

"ఆ మాట ఇంకా వేటికి వాడతారు?"

ఐజాక్ గడ్డం గోక్కున్నాడు. "పనికిరాని వాటన్నిటికీ... ఏమే, ఇంకా వేటిని అంటాం?"

"పాత బూట్లని అంటాం," అంది డైనా పొయ్యి దగ్గరినుంచి. "మీ నాన్న గడియారాన్ని అంటాం. నన్ను అంటాం."

"బూట్లని," అన్నాడు ఐజాక్ యంత్రంలోకి. "గడియారాన్ని."

"మూడోది మింగేశావేం నాన్నా?" జాస్ పగలబడి నవ్వాడు.

"ఆ, ముసల్దాన్ని కూడా అంటాను. ప్రేమగానే లేండి. అలవాటైపోయింది, అనకపోతే అదే అడుగుతుంది ఏమైందని."

టేపులో ఈ చోట కప్పులు తగిలిన చప్పుడు వినిపిస్తుంది. అది నేను.

చాలాసేపు అలాగే సాగింది. లాథమ్ అడగడం, ఐజాక్ పొయ్యి వైపు తిరగడం, అక్కడినుంచి మాట రావడం, ఐజాక్ దాన్ని యంత్రంలో వెయ్యడం. కొంతసేపటికి ఐజాక్ తిరగడం కూడా మానేశాడు. కాస్త ఆగేవాడు, వెనకనుంచి మాట వచ్చేది.

"ఒకటి అడగనా బాబూ," అంది డైనా. "ఇట్లాంటి మాటలు ముందు ఎవరికి పెట్టారంటావు? గొర్రెకా, ఆడదానికా?"

లాథమ్ ముఖం వికసించింది. తన విద్యను ఎవరైనా అడిగితే చాలు ఆయనకు. "డొక్కుది సంగతి ఇంకా తేలలేదు మేడమ్. దక్షిణ జిల్లాల్లో క్రోన్ అని మరో మాట ఉంది. ముసలి గొర్రెనీ అంటారు, ముసలావిడనీ అంటారు. అది సముద్రం అవతలినుంచి వచ్చింది. మొదట్లో దానర్థం ఈ రెండూ కాదు. కుళ్ళుతున్న కళేబరం."

"పీనుగా?"

"అలాంటిదే."

"అంటే ముందు పీనుగు. ఆ తర్వాత గొర్రె. ఆ తర్వాత నేను." ఆమె వంగి పొయ్యిలో బొగ్గు వేసింది. "మరి మగాళ్ళకో?"

"వాళ్ళకు రకరకాలుగా ఉన్నాయి. వేషం కట్టి తిరిగేవాడి నుంచి వచ్చింది ఒకటి. మూట మోసుకుని సరుకు అమ్మేవాడి నుంచి వచ్చింది ఒకటి. ముసలాయన్ని గాఫర్ అంటారే, అది బాప్తిస్మంలో బిడ్డకు పూచీ నిలిచే జ్ఞానతండ్రి అన్న మాట అరిగి అరిగి అలా అయింది."

"గాఫర్ గౌరవమైన మాటే," అన్నాడు ఐజాక్. "రాతిగనిలో మేస్త్రీని అంటారు."

"అదే తీరులో జ్ఞానతల్లి నుంచి ఆడవాళ్ళకు గామర్ అనే మాట ఉండేది. ఇప్పుడు ఎవరూ అనడం లేదు."

"ఏమైంది దానికి?"

"ఏముంది మేడమ్, వాడుకలోంచి జారిపోయింది."

"జారిపోయిందా," అంది డైనా. "పీనుగు మాత్రం గట్టిగా పట్టుకుని కూర్చుంది."

ఐజాక్‌కు ఈ చర్చ విసుగు పుట్టించింది. లాథమ్‌కు నన్ను చెయ్యెత్తి చూపించాడు. "శనివారం దాకా ఆగండి పంతులుగారూ, ఇంకో డొక్కుది తయారవుతుంది మీకు. లేతది! రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించుకోవచ్చు."

జాస్ నవ్వాడు. మా అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. లాథమ్ అర్థం కాక అందరి ముఖాలూ చూశాడు. అప్పుడు డైనా మాట్లాడింది. టేపు వివరణలో అస్పష్టం అన్నది ఈ చోటినే. నాకు ఆ మాటల్లో ఒక్కటీ అస్పష్టం కాదు, అవి ఇవి.

"నావి ఒక్కటీ పుచ్చలేదు. వాల్‌నట్లు పళ్ళతో కొట్టేదాన్ని, మా అన్నలు పందెం కాసేవాళ్ళు. కెల్బెక్‌లో మందుల దుకాణం వెనక కూర్చోబెట్టి తీశారు. మా అమ్మ నా చేతులు పట్టుకుంది. శాలువా నోటికి కట్టుకుని కొండ దాటి నడిచి వచ్చాను, పెళ్ళిబట్టలు ఇంకా కుట్టాల్సినవి ఉన్నాయని. పెళ్ళిలో ఫాదరు చెప్పమన్న మాటలు చెప్పాను. ఆయనకు వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. అందరూ నవ్వారు. దానికి నాకేం కోపం లేదు. ఒక్కటే నన్ను పీక్కుతింటుంది. తీసిన వాటిని ఏం చేశారో నేను అడగలేదు. నావే కదా అవి. ఎక్కడున్నాయో నేను..."

"ఆపవే, వచ్చినాయన ముందు!" అన్నాడు ఐజాక్.

చుట్ట అయిపోయింది. టేపు కొస యంత్రంలో టపటపా కొట్టుకుంది. లాథమ్ కంగారుగా మీట నొక్కాడు.

శనివారం ఉదయం బస్సులో మా అమ్మ, జాస్, నేను కెల్బెక్ వెళ్ళాం. అమ్మ సంచిలో శాలువా పెట్టుకుంది. దేనికని నేను అడగలేదు. దారి పొడవునా వాగు మా పక్కనే పరుగెత్తింది. స్కేల్‌రిగ్ కొండలోనే అది పుడుతుంది. మందుల దుకాణంలో అడుగు పెట్టగానే గల్లా దగ్గరి ఆవిడ మమ్మల్ని వింతగా చూసింది.

"మిసెస్ మౌన్సీ లోపలికి వెళ్ళి చాలాసేపైందే!"

వెనక గది తలుపు తెరిచే ఉంది. పళ్ళ డాక్టరు గోడకు చేరబడి నిలబడ్డాడు. ఆయన కుర్చీలో, నల్లబట్టలూ ప్రార్థన టోపీ వేసుకుని, రెండు చేతులతో కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుని, డైనా కూర్చుని ఉంది. కట్టుడు పళ్ళు ఒళ్ళో రుమాలులో ఉన్నాయి.

"అమ్మా! నువ్వెలా వచ్చావు ఇక్కడికి?" జాస్ కేక పెట్టాడు.

"పాల లారీలో."

"లే ముందు. అది ఎడిత్ కూర్చోవాల్సిన కుర్చీ."

"మిసెస్ మౌన్సీ అని రాసుకున్నారు. పెళ్ళి జరిగేదాకా మిసెస్ మౌన్సీ నేనొక్కతెనే. పిలిచారు, వచ్చి కూర్చున్నాను."

డాక్టరు నావైపు తిరిగి మొర పెట్టుకున్నాడు. "చూడండమ్మా, ఈవిడ నోట్లో ఒక్కటి లేదు. నేనేం తియ్యను?"

"తియ్యమని ఎవరన్నారు?" అంది డైనా. "ఇమ్మంటున్నాను. ఈ గదిలోనే, అప్పటి డాక్టరు, మీ నాన్న తీశాడు. నావి నాకు ఇచ్చెయ్యి, లేస్తాను."

"మీరు లేవండి, నేను పోలీసును..."

"పిలుచుకో. ఏం చెప్తావు? పళ్ళు లేని ముసల్ది కుర్చీలో కూర్చుందని చెప్తావా? కనీసం ఏం చేశాడో చెప్పు నాయనా. చెప్పినా లేస్తాను."

డాక్టరు చెడ్డవాడు కాదు. కాసేపు బూట్ల వైపు చూసుకున్నాడు. తరువాత కిటికీ వైపు చూశాడు. కిటికీ కింద వాగు చప్పుడు వినిపిస్తోంది.

"చిన్నప్పుడు ఆ పళ్ళెం నాన్న నా చేతికే ఇచ్చేవాడు," అన్నాడు. "అందరివీ... వాగులో పారబోసేవాళ్ళం."

డైనా తల వంచి ఆ చప్పుడు విన్నది. వినడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"ఇది మా కొండ వాగేగా," అంది చివరికి. "నా వంటింటి తూము దీన్లోనే కలుస్తుంది. అయితే ఇన్నేళ్ళూ నేను తోమిన గిన్నెల నీళ్ళన్నీ వాటి మీదుగా పోయాయన్నమాట."

ఆ మాట విన్నాక మా అమ్మ సంచీ నేలమీద పెట్టేసింది. ఆమె చెయ్యి అలవాటుగా నోటికి వెళ్ళింది, కానీ అమ్మ నవ్వడం లేదు. ఆ వాగులో ఆమెవి కూడా ఉన్నాయి. కెల్బెక్ చుట్టుపక్కల పెళ్ళయి వెళ్ళిన ఆడవాళ్ళందరివీ ఉన్నాయి. నాకు ఆ క్షణంలో కిటికీ కింద ప్రవహిస్తున్నది నీళ్ళని అనిపించలేదు. బడి ఖాళీ గదిలో నేను విన్న గొంతు, పెదవులు మడుచుకున్న గొంతు, వందల నోళ్ళతో అక్కడ మాట్లాడుతోంది. నాలుక పళ్ళ వెనకగా నడిచింది. అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ ఉన్నచోటనే, ఎవరూ పిలవకుండా, ఎవరి అనుమతీ లేకుండా ఉంది.

డైనా కుర్చీలోంచి లేచింది. మాట ఇచ్చింది కాబట్టి లేచింది. డాక్టరు గడియారం చూసుకుని నిట్టూర్చాడు. "సరే, నా రైలుకు ఇంకా టైముంది. అమ్మాయీ, వచ్చి కూర్చో. లేత చిగుళ్ళు, తొందరగానే అయిపోతుంది."

అందరూ నన్ను చూశారు. డైనా కూడా చూసింది. వద్దు అని ఆమె అనలేదు. అలా అనివుంటే అది కూడా ఒక పెద్దవాళ్ళ ఆజ్ఞ అయ్యేది. టోపీ సర్దుకుని, రుమాలు ముడివేసుకుని, ఇంతమాత్రం అంది.

"కుర్చీ ఖాళీగా ఉంది పిల్లా. ఖాళీ కుర్చీ అంటే కూర్చోవాలని లేదు. అది నాకప్పుడు ఎవరూ చెప్పలేదు."

"నేను కూర్చోను," అన్నాను.

"కూర్చోను అంటే?" జాస్ ముఖం ఎర్రబడింది. "మరి పెళ్ళి?"

"పెళ్ళికి నా నోటితోనే వస్తాను. నీకు ఇష్టమైతే."

"నలుగురూ ఏమంటారో ఆలోచించావా?"

"ఏమంటారో నాకు తెలుసు జాస్. ఆ మాటలన్నీ మొన్న మీ నాన్న టేపు మీద ఎక్కించాడు."

మా అమ్మ నేలమీది సంచీ అందుకుంది. సంచిలోంచి శాలువా తీసి, బయట చలిగా ఉందని డైనా భుజాల మీద కప్పింది.

జాస్‌కు ఇష్టమైంది, కానీ ఆ ఇష్టం రావడానికి సమయం పట్టింది. తిరుగు బస్సులో అతను ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. పెళ్ళిలో నేను చెప్పవలసిన వాక్యాలు నేను చెప్పాను; ఎవరూ మళ్ళీ చెప్పమనలేదు. "ఈ పిల్ల కరుస్తుందిరోయ్!" అన్నాడు ఐజాక్ గుమ్మంలో. మా పెళ్ళి ఫోటోలో అందరూ పెదవులు బిగించి నిలబడి ఉంటారు, మా అమ్మ తప్ప, డైనా తప్ప. మా అమ్మ చెయ్యి మొదటిసారి కిందికి ఉంది. డైనా ఆ రోజు కట్టుడు పళ్ళు పెట్టుకోలేదు. నోరు బార్లా తెరిచి నవ్వుతోంది. ఆ నల్లటి ఖాళీని కెమెరా వైపు తిప్పి, దాచకుండా చూపిస్తోంది. ఆ ఫోటోను గోడకు పెట్టనివ్వడానికి ఐజాక్ ఒప్పుకోలేదు. నేను నా బట్టల పెట్టెలో ఉంచుకున్నాను.

స్కేల్‌రిగ్‌లో నా జీవితం కూడా గిన్నెల నీళ్ళలోనే చాలావరకు గడిచింది. ఉదయం బడి, సాయంత్రం తూము. కోడలి చదువు ఇంటికి అలంకారమని ఐజాక్ వచ్చినవాళ్ళతో చెప్పేవాడు, ఆ అలంకారానికి పొయ్యి రాజెయ్యడం తెలియదని అదే ఊపిరిలో అనేవాడు. జాస్ బూట్లు నా చేతికి ఇచ్చి నిద్రపోయేవాడు. డైనా ఉన్నంతకాలం మేమిద్దరం పక్కపక్కన నిలబడి తోమేవాళ్ళం. గిన్నె కడిగిన నీళ్ళు వంపే ముందు ఆమె ఒక్క క్షణం ఆగేది, చల్లారిందో లేదో వేలితో చూసేది. వేడినీళ్ళు ఎన్నడూ పారబొయ్యనిచ్చేది కాదు. కారణం నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె పోయాక కూడా నేను అలాగే చేశాను, ఇప్పటికీ ఈ పట్టణపు ఇంట్లో అలాగే చేస్తాను. వాగు దగ్గరికి వెళ్ళినప్పుడు అడుగున తెల్లటి గులకరాళ్ళు కనిపిస్తే కాలు పక్కకు తీసి వేసేదాన్ని. మంచు కరిగే రోజుల్లో వాగు నిండుగా వచ్చి రాళ్ళు ఒకదానికొకటి తగిలి కటకటమన్నప్పుడు, జాస్ 'వాగు పొంగింది' అనేవాడు. డైనా, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం.

జాస్‌కు అరవై దాటాక పళ్ళు వరసగా రాలిపోయాయి. అతన్ని డొక్కువాడని ఎవరూ అనలేదు. సంతలో కుర్రవాళ్ళు లేచి నిలబడి గాఫర్ అని పిలిచేవారు. నన్ను ఈమధ్య దుకాణంలో ఒక యువకుడు పళ్ళు పొడుగైన ముసలిది అన్నాడు, నాకు వినపడదనుకుని. ఆ మాట గుర్రాల సంతల నుంచి వచ్చింది. వయసు పైబడేకొద్దీ చిగుళ్ళు తరిగి గుర్రం పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. నాకు అభ్యంతరం లేదు. నాకు దొరికిన మాటలో కనీసం పళ్ళున్నాయి.

విశ్వవిద్యాలయం వారు ఆ టేపును నాకు వినిపించినప్పుడు, డైనా వాక్యం సగంలో తెగిపోయి, చుట్ట కొస కొట్టుకునే చప్పుడు వచ్చింది. ఆ వాక్యం మిగతా సగం ఎక్కడ పూర్తయిందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెలిసినదాన్ని కనుక ఈ కింది సవరణను నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను.

'వెనకనుంచి ఒక స్త్రీ స్వరం, అస్పష్టం' అన్న పంక్తిని కొట్టివేయాలి. ఆ స్వరం స్కేల్‌రిగ్‌కు చెందిన డైనా మౌన్సీది. ఐజాక్ మౌన్సీ పేరున నమోదైన మాటలు ఆమె అందించినవి. ఆ తరువాత వచ్చిన శనివారం, నా కోసం నిర్ణయించిన కుర్చీలో, తన నోట తీయడానికి ఏమీ మిగలకపోయినా, నాకన్నా ముందు వెళ్ళి కూర్చున్నది ఆమె. ఈ వాక్యాలను నేను పైకి చదివి, ప్రతి అక్షరమూ స్పష్టంగా పలికిందని నిర్ధారించుకున్న తరువాతే సంతకం చేస్తున్నాను. అలా పలకగలగడం డైనా మౌన్సీ చేసిన పని వల్లనే సాధ్యమైందని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.